ఒక ఈల, రెండు ఈలలు

మా ఇంట్లో ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అన్నం వడ్డించమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. టీవీలో పిల్లల పాటల పోటీ వస్తుంది. మా మనవరాలు దాన్ని కళ్ళార్పకుండా చూస్తుంది. పాడే పిల్లలు బాగానే పాడతారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. నా కోపమల్లా ఎదురుగా పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చునే ముగ్గురు పెద్దమనుషుల మీద. పాడిన ప్రతివాళ్ళకూ లేచి చప్పట్లు కొడతారు. శ్రుతి తప్పినా చప్పట్లే, తాళం తప్పినా చప్పట్లే. పిల్ల తల్లి ఏడిస్తే వాళ్ళూ ఏడుస్తారు.

మొన్న ఒక పిల్లవాడికి పైస్థాయిలో గొంతు చీలింది. ముగ్గురూ లేచి, పరవాలేదు, మళ్ళీ పాడు నాన్నా అన్నారు. వాడు మళ్ళీ పాడాడు. మళ్ళీ అక్కడే చీలింది. కెమెరా వాడి మొహాన్ని వదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయి, కూర్చున్న చోటే నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని రెండు ఈలలు వేశాను. పళ్ళు లేని నోరు కదా, గాలే వచ్చింది.

"ఏంటి తాతా అది?" అంది మనవరాలు.

"రైట్ రైట్ అమ్మా. ఆ బిడ్డను ఇంక పోనిమ్మని" అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే, ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే, ఇంజను ముందుకు పొడుచుకుని ఉండే ముక్కు బస్సు ఎక్కి ఉండాలి. అందులో ఒక కండక్టరు ఉండేవాడు. సినిమా అయినా నాటకమైనా ఏది మంచిది, ఏది కాదు అని నాకు చెప్పినవాళ్ళలో ఆయనంత గట్టివాడిని నేను మళ్ళీ చూడలేదు.

పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఖాకీ చొక్కా పై గుండీ ఎప్పుడో ఊడిపోయింది. ఆ కాజాకు తాడు కట్టి ఇత్తడి ఈల వేలాడదీసుకునేవాడు. భుజాన తోలు సంచి. మాట్లాడేటప్పుడు మనిషి మొహంలోకి చూసేవాడు కాదు. టికెట్లు చింపుతూ, చింపిన టికెట్టుతోనే అభిప్రాయం కూడా చేతిలో పెట్టేవాడు. సినిమా ఎలా ఉందని అడిగితే మూడే జవాబులు. బాగుంటే, "పోండి." మామూలుగా ఉంటే, "పనేం లేకుంటే పోండి." బాగా లేకపోతే, "ఇంట్లో కొట్లాట అయింటే పోండి." నాలుగో మాట లేదు. ప్రొద్దుటూరులో ఎక్కినవాడు విన్న మాట రాత్రికి పులివెందుల చేరేది. ఆ మాట మీద ఎంతమంది చేను పని మానుకుని బండ్లు కట్టించారో, ఎంతమంది కట్టిన బండ్లు విప్పించారో చెప్పలేను.

ఇంత మనిషి జన్మలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసినట్టు నాకు తెలియదు. బస్సు ప్రొద్దుటూరులో రాత్రి ఎనిమిదింటికి కదిలేది. మొదటి ఆట ఆరున్నరకు. ఇంటర్వెల్ దాకా చూసి, సోడాల దగ్గర మూగిన జనాన్ని తోసుకుంటూ బస్టాండుకు పరిగెత్తేవాడు. అదే సినిమా నాలుగైదు నెలలకు జమ్మలమడుగు టెంటుకు వచ్చేది. బస్సు తొమ్మిదింటికి అక్కడ చేరి, డ్రైవరు భోజనం కోసం అరగంట ఆగేది. ఆ అరగంటలో ఈయన టెంటులో దూరి ఆఖరి ఘట్టం చూసి వచ్చేవాడు. అంటే మొదలు ప్రొద్దుటూరులో, చివర జమ్మలమడుగులో. నడిమి గంట ఆయన సొంతం.

"ఆ నడిమిది నీకు ఎట్ల తెలుస్తాదన్నా?" అని ఒకసారి అడిగాను.

"తెలిసేదేముందప్పా? మొదట్లో తమ్ముడు అలిగి ఇల్లిడిసి పాయె. ఆఖర్లో జడ్జీ అయి కుచ్చున్యాడు. నడిమి చదువుకోనుంటాడు. వాడు చదువుకునేదానికి నేను గంటసేపు కావలుండల్నా?"

ముద్దనూరులో ఎక్కే ఒక పత్తి వ్యాపారి ఈయనతో రోజూ పోట్లాడేవాడు. ఆయన బల్ల టికెట్టు కొని మొత్తం సినిమా చూసే రకం. "ఆ సినిమా నడిమిట్ల చెల్లెలు సచ్చిపోతాది గదప్పా, నువ్వు బతికించి చెప్తాండావేంది?" అని ఒకనాడు నిలదీశాడు.

"సచ్చిపోయుంటే ఆఖర్న అన్న మొగంలో ఆ నవ్వు యాడ్నుంచి వస్తాది? చెల్లెలు బతికే ఉంటాది. నీ సినిమా తప్పు" అన్నాడు కండక్టరు, చిల్లర వాపసిస్తూ.

బస్సంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, తర్వాత నేను ఆ సినిమా మొత్తం చూశాను. చెల్లెలు చచ్చిపోతుంది. అన్న నవ్వుతాడు. కండక్టరు చెప్పిందే బాగుంది.

ఆయన అభిప్రాయాలకు చదువుతో పనిలేదు. సినిమాలో పల్లెటూరి పిల్ల నీళ్ళ బిందె చంకన పెట్టుకుని పాట పాడుతూ వస్తే, "బిందె ఖాళీ" అని గట్టిగా అనేవాడు. నీళ్ళున్న బిందెతో నడిచే ఆడమనిషి నడుము ఒక పక్కకు వంగాలి, అడుగు బరువుగా పడాలి. అది చూసుకోని డైరెక్టరు మిగతా కథ మాత్రం ఏం చూసుకుంటాడని ఆయన వాదం. ఆయన మాటతో జమ్మలమడుగు టెంటులో ఆడవాళ్ళ వైపు నుంచి కూడా "ఖాళీ, ఖాళీ" అని కేకలు మొదలయ్యాయి. పాపం ఏ హీరోయిన్ వచ్చినా బిందె గండం తప్పేది కాదు.

ఇంకో ఫిర్యాదు ఉండేది. "ఈ సినిమాల్లో మన మాదిరి మాట్లాడేటోడు యాడన్నా ఒక మంచోడున్నాడేమో సూపీ. దొంగ ఉంటాడు, తాగుబోతు ఉంటాడు, కత్తి పట్టుకోని సందులో నిలబడేటోడుంటాడు. ప్రేమించేటోడు మాత్రం కిష్ణ నీళ్ళు తాగినోడే. మనం ప్రేమించమా? మనకు పెండ్లాలు ల్యారా?" ఈ మాటకు బస్సులో ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. నేనూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేను.

ఆయన మాట టెంటుకు ఎంత చేటో తెలుసుకున్న యజమాని ఒకసారి ఆయన్ను పిలిచి, రోజూ వచ్చి టికెట్టు లేకుండానే వీపు ఆనే బల్ల మీద కూర్చోమన్నాడు. ఈయన పోయి ఎప్పటిలాగే నేల మీద, ఇసుక కుప్ప చేసుకుని కూర్చున్నాడు. నాకు చెప్పిన కారణం ఇది: "బల్ల మింద కుచ్చుంటే ఈపు ఆనుకుంటాది. ఈపు ఆనుకుంటే ప్రతి సినిమా బాగుంటాది."

ఇక నా సంగతి. మాది ప్రొద్దుటూరు పద్యనాటకాల బృందం. రాజు వేషం మా చిన్నాయనది. హార్మోనియం నాది. మా నాయన చిన్నప్పుడే పోతే నన్ను పెంచిందీ, హార్మోనియం మెట్ల మీద నా వేళ్ళు పెట్టించిందీ చిన్నాయనే. నాటకాలకు పోవాలంటే ఆ బస్సే గతి. నా హార్మోనియాన్ని కండక్టరు ఎప్పుడూ బస్సు పైకి ఎక్కించనిచ్చేవాడు కాదు. "పైన ఎండకు దాని గొంతు పోతాది" అని డ్రైవరు సీటు వెనక పెట్టించేవాడు. చిన్నాయన కిరీటాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకునేవాడు. "రాజుకు ఒక టికెట్టు. కిరీటానికి కూడా కొడదామా మామా?" అనేవాడు కండక్టరు ప్రతిసారీ. చిన్నాయన ప్రతిసారీ నవ్వేవాడు.

పద్యనాటకం చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పద్యం నచ్చితే జనం ఒన్స్ మోర్ అని అరుస్తారు. అరిచారంటే మళ్ళీ పాడి తీరాల్సిందే. చచ్చి పడిపోయిన వేషగాడు కూడా లేచి, ఒళ్ళు దులుపుకుని, చచ్చేముందు పాడిన పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. కాదంటే నాటకం ముందుకు సాగనివ్వరు.

మా కండక్టరు ఈ చట్టాన్ని మార్చేశాడు, అదీ తెలియక. ఒకసారి జమ్మలమడుగులో మా చిన్నాయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నాడు. బస్సు ఆగే ఆ అరగంటలో నేరుగా వచ్చి ముందు వరుసలో కూర్చున్న కండక్టరుకు ఒళ్ళు తెలియలేదు. అలవాటు చొప్పున ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఒక్కసారి ఊదాడు. బస్సులో ఒక ఈల అంటే ఆగు అని. చూసేవాళ్ళలో సగం మంది ఆ బస్సెక్కి తిరిగేవాళ్ళే. అందరూ ఉలిక్కిపడ్డారు, చిన్నాయన రాగం మధ్యలో నిజంగానే ఆగిపోయాడు. పక్కున నవ్వులు. "ఏందప్పా, రాజును ఆపినావు?" అని ఎవరో అరిచారు. కండక్టరు లేచి, సిగ్గుపడకుండా, "ఆపక ఏం చేయాల? ఇట్లాంటి తావున బండి నిలబడల్ల. మామా, మల్ల మొదట్నుంచి ఎత్తుకో" అన్నాడు.

ఆ రోజు నుంచి అది చట్టమైపోయింది. ఒక ఈల అంటే ఆపి మళ్ళీ పాడు. రెండు ఈలలంటే రైట్ రైట్, బాగాలేదు, ముందుకు పోనీ. ఆయన రెండు ఊదితే ఎంత గట్టిగా ఒన్స్ మోర్ అనేవాళ్ళయినా నోరు మూసుకునేవాళ్ళు. మా బృందంలో ఆయన ఈలకు భయపడని వేషగాడు లేడు. నేను మాత్రం భయపడలేదు. హార్మోనియానికి ఎవరూ ఒన్స్ మోర్ అనరు కదా. ఆ భయం లేకపోవడం వెనక ఒక చిన్న ఏడుపు కూడా ఉండేది, అది వేరే సంగతి.

మా చిన్నాయనది పై శ్రుతి. హార్మోనియం మీద ఏ మెట్టు పట్టుకుని పాడితే అదే పాటగాడి శ్రుతి. ఆయన పట్టుకునే మెట్టు మా చుట్టుపక్కల ఇంకెవరికీ అందేది కాదు. అదే మా బృందం గొప్ప, అదే నా గొప్ప కూడా. అయితే ఆయనకు యాభై దాటాయి. పద్యం చివర పైకెక్కే చోట మెడ నరాలు తేలడం నాకు కనబడుతూనే ఉంది. చూడనట్టు ఊరుకున్నాను.

కండక్టరు ఊరుకోలేదు. ఒకరోజు బస్సులో నా పక్కన నిలబడి, చిన్నగా, "హార్మోనీ, ఒక మెట్టు దించు" అన్నాడు. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవాడు.

నాకు మండింది. "మా చిన్నాయన గొంతు సంగతి నీకేం తెలుసు? నువ్వు టికెట్లు కొట్టుకో పో" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "నాకు గొంతు సంగతి తెల్దు. నారి సంగతి తెలుసు. మేము దూది ఏకేటోళ్ళం. మా ఇంట్లో పొద్దస్తమానం విల్లు నారి మోగుతాండె. నారి పాతదైతే మా నాయన బిగించేటోడు కాదు, రవ్వంత వదులు చేసేటోడు. బిగిస్తే ఆ పొద్దుకు బాగనే మోగుతాది. మర్నాడు తెగి మొగానికి కొడతాది" అని చెప్పి, వెనక సీట్ల వైపు పోయాడు. ఆ చెవి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినా మెట్టు దించలేదు.

ఆ ఏడు పులివెందుల తిర్నాలకు మమ్మల్ని రెండు రాత్రులు, రెండు నాటకాలకు పిలిచారు. పిలుస్తూ తిర్నాల పెద్దలు ఒక కబురు పంపారు. రాజు పద్యాలు మునుపటిలా లేవని వింటున్నాం, ఈసారి చూస్తాం, లేకపోతే వచ్చే ఏడు రాజు వేషానికి కోస్తా నుంచి ఎవరినైనా తెప్పించుకుంటాం అని. ఆ సాయంత్రం చిన్నాయన కిరీటం ముందు పెట్టుకుని చింతపండుతో తోముతూ, "ఇది తీసి పక్కన పెట్టమంటే, ఇంగ నేను పొద్దన లేచి ఏం చేయాల్రా?" అన్నాడు. ఆయనకు చేను లేదు, అంగడి లేదు, పిల్లలు లేరు.

అందుకే నేను కండక్టరు దగ్గరికి పోయాను. సిగ్గు విడిచి అడిగాను.

"అన్నా, పులివెందుల్లో మా చిన్నాయన పద్యానికి ఒక ఈల ఊదు. ఎట్ల పాడినా సరే."

"ఎట్ల పాడినా సరేనా?"

"నువ్వు ఊదితే జనం ఒన్స్ మోర్ అంటారు. పెద్దోళ్ళు ఇంటారు. కిరీటం ఆయనకే ఉంటాది. నీకు పోయేదేముంది?"

"ఊరికే ఈల ఊది బండి ఆపితే, రేపట్నుంచి డ్రైవరు నా ఈలకు ఆపడు" అన్నాడు. తర్వాత, "నా ఈల సంగతి ఇడ్సిపెట్టు. నువ్వు మెట్టు దించినావా లేదా?"

"దించితే ఊరంతా తెలుస్తాది. రాజు ముసిలోడైనాడంటారు."

"ఎవరికీ తెలీదు. వాయించే నీకు, ఇనే నాకు తప్ప."

"నువ్వు ఊదుతావా, ఊదవా?"

"బాగుంటే ఊదుతా" అని ఆయన నా టికెట్టు చింపి ఇచ్చాడు.

మొదటి రాత్రి జనం విరగబడ్డారు. మా రాజుకు రాజ్యం పోయేది ఎప్పుడూ అర్ధరాత్రి దాటాకే, కాబట్టి బస్సు చేరవేసి కండక్టరు కూడా ఆ వేళకు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పెద్దలు ఎడంగా ఒక పక్కన కుర్చీల్లో ఉన్నారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలో నిలబడి పాడే పద్యం అది. ఇరవై ఏళ్ళుగా ఆ పద్యానికి ఒన్స్ మోర్ రాని రాత్రి లేదు. చిన్నాయన మొదటి మూడు పాదాలూ బ్రహ్మాండంగా పాడాడు. నాలుగో పాదంలో పై మెట్టు దగ్గర గొంతు చీలింది. నేను హార్మోనియం గట్టిగా మోగించి కప్పేయాలని చూశాను. కొంచెం కప్పింది. పద్యం ముగిసింది. నేను కండక్టరు వైపు చూశాను. ఒక్కటి అన్నా, ఒక్కటి, అని లోపల్లోపల మొత్తుకున్నాను.

ఈల మోగింది. వెంటనే రెండోది.

జనం నోరు మూసుకున్నారు. మంత్రి వేషగాడు లోపలికి వచ్చి మాటలు అందుకున్నాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ పద్యం ఒక్కసారితో అయిపోయింది. చిన్నాయన పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆ క్షణంలో కండక్టరు నా చేతికి దొరికి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. నాటకం అయ్యాక పెద్దల్లో ఒకాయన, "రేపు ఇంగొక నాటకముంది గదా, అది కూడా చూసి చెప్తాంలే" అని లేచిపోయాడు.

తెల్లవారి చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు వచ్చాడు. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"అబ్బీ, ఒక మాట అడగల్ల" అన్నాడు చిన్నాయన.

"అడుగు మామా."

"నిన్న రెండు ఊదినావు. పద్యం అంత చెడ్డగా ఉండెనా?"

కండక్టరు మొదటిసారి మనిషి మొహంలోకి చూసి మాట్లాడాడు. "చెడ్డగా ల్యా. పైన ఒక్క తావున గొంతు చీలె. ముందు కుచ్చున్న మాకు తెలిసె, ఎనక ఉండేటోళ్ళకు తెలీలే. వాండ్లకు అలవాటు గదా, ఆ పద్యం అయిపోతానే ఒన్స్ మోర్ అంటారు. అప్పటికే నా ఎనకాల ఒకడు నోరు తెరిచినాడు. వాండ్లు అరిస్తే నువ్వు పాడకుండా ఉంటావా?"

"ఉండను."

"మల్ల అదే మెట్టు ఎక్కుతావు. రెండోసారి ఊరంతా ఇంటాది, పెద్దోళ్ళు కూడా ఇంటారు. అందుకని వాండ్లు అరిచేలోపల రెండు ఊదినా. నిన్ను దాటిచ్చల్నని."

నేను ఆయన్ను ఏం అడిగానో నాకు అప్పుడు తెలిసింది. నేను అడిగినట్టు ఆయన ఒక్క ఈల ఊది ఉంటే, మా చిన్నాయన గొంతు వెయ్యి మంది ముందు రెండోసారి పగిలేది. ఆయన చేతుల మీదే పెరిగిన నేను ఆ పని చేయమని బతిమాలాను.

చిన్నాయన చెవి వెనక మిగిలిన రంగును తువ్వాలుతో తుడుచుకున్నాడు. తర్వాత, "అయితే నా పని అయిపోయినట్లేనా అబ్బీ?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"అది నన్నడుగుతావేంది మామా? నీ పక్కన కుచ్చోని వాయించేటోన్ని అడుగు" అని కండక్టరు నా వైపు చూడకుండా బస్సెక్కి రెండు ఈలలు ఊదాడు. బస్సు కదిలింది.

"ఏంది వాడనేది?" అన్నాడు చిన్నాయన.

"ఏంలేదు చిన్నాయనా" అన్నాను.

రెండో రాత్రి, కండక్టరు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాక, నేను ఒక మెట్టు దించాను. ఎవరికీ చెప్పలేదు. చిన్నాయన తెర వెనక కిరీటం సర్దుకుంటుండగా కింది మెట్టు పట్టుకుని శ్రుతి మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళుగా పాడుతున్న మనిషికి తెలియకుండా ఉంటుందా అంటే, ఇప్పటికీ చెప్పలేను. ఆయన కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. మూడో పాదం, నాలుగో పాదం. పద్యం వేరైనా, నిన్న చీలినలాంటి చోటికే వచ్చాడు. నేను గాలి తిత్తిని నెమ్మదిగా నొక్కాను. గొంతు పైకెక్కి, అక్కడ నిలబడి, తొందర లేకుండా దిగింది.

ఈల మోగింది. పొడుగ్గా, ఒక్కటే.

జనం లేచారు. ఒన్స్ మోర్ అని పులివెందుల మొత్తం అరిచినట్టుంది. చిన్నాయన మళ్ళీ పాడాడు, మొదటిసారి కంటే బాగా పాడాడు. నాటకం అయ్యాక పెద్దలు వేదిక మీదికి వచ్చి వచ్చే ఏటికి ఆయన చేతిలోనే తాంబూలం పెట్టారు. "మొదటి రాత్రి మంచుకు గొంతు పట్టుకునింది, రెండో రాత్రికి కుదురుకునింది" అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. నేను అవునన్నాను.

తిరుగు ప్రయాణంలో కండక్టరు నా దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టి, "నా సంగతి ఏందన్నా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ ఉండలేకపోయాను. ఒక మెప్పు మాట కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

"నీ సంగతి మెల్లగా చెప్తాలే. రవ్వంత జరుగు, ఆడోళ్ళు ఎక్కుతాండారు" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ బస్సెక్కానో లెక్కలేదు. చిన్నాయన ఇంకా చాలా ఏళ్ళు, తనంతట తాను చాలనుకునేదాకా, రాజు వేషం వేశాడు. కండక్టరు ఒక ఈల ఊదిన రాత్రులున్నాయి, ఏమీ ఊదని రాత్రులున్నాయి. రెండు మాత్రం చిన్నాయనకు మళ్ళీ ఊదలేదు. నా సంగతి మాత్రం చెప్పలేదు. నేను చాలాకాలం అలిగాను. అందరికీ తీర్పు చెప్పేవాడికి నా ఒక్కడికి చెప్పడానికి నోరు రాలేదా అనుకునేవాణ్ణి.

ఆయన పోయిన సంగతి నాకు ఆ బస్సులోనే, కొత్త కండక్టరు నోట తెలిసింది. జమ్మలమడుగులో దిగి వెతుక్కుంటూ ఇంటికి పోయాను. వసారాలో దూదేకే విల్లు గోడకు ఉంది. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఒక్కనాడూ సినిమాకు పోలేదట. ఆయన రాత్రి ఇంటికొచ్చి చెప్పిన సినిమాలే చూసిందట, నడిమి గంటతో సహా.

"నువ్వేనా నాయనా హార్మోనీ వాయించేది?" అంది.

"అవును వదినె."

"నీ మాట శానాసార్లు చెప్పేటోడు. పులివెందుల తిర్నాల్లో నువ్వు మెట్టు దించుతానే ఈల నోట్లో పెట్టుకున్యాడంట. 'రాజుకు తర్వాత ఊదినా గానీ, ముందు ఊదల్సింది హార్మోనీకి. ఊదితే, ఇప్పుడెందుకు ఊదినాడు అని మామ తలెత్తి చూస్తాడు, మెట్టు దించింది తెలిసిపోతాది. అందుకని ఈల పండ్లతో పట్టుకోని ఊపిరి బిగబట్టి కుచ్చున్యా' అనేటోడు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. "మరి నాతో ఒక్కసారన్నా చెప్పలేదేంది వదినె?"

"నేనూ అదే అడిగినా నాయనా. 'వాడు హార్మోనీ. చెప్తే మోగకుండా ఉండడు, పోయి వాళ్ళ చిన్నాయన కాడ మోగుతాడు' అనె."

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు చేరేసరికి చిన్నాయన అరుగు మీద కూర్చుని కిరీటం తోముతున్నాడు. అప్పటికి వేషాలు మానేసి రెండేళ్ళు. అయినా వారానికొకసారి ఆ పని మానేవాడు కాదు. కండక్టరు పోయాడని చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. "మన నాటకాల మాటేమన్నా అంటాండెనంట్నా, ఇంట్లో?" అని అడిగాడు.

"పులివెందుల్లో రెండో రాత్రి నువ్వు పాడినట్ల ఇంగ యాడా ఇన్లేదనేటోడంట."

"ఆ పొద్దు నా గొంతు అట్లుండె ల్యా" అన్నాడు చిన్నాయన. మొహం వెలిగింది. కిరీటం అంచు తువ్వాలుతో మళ్ళీ తుడవడం మొదలుపెట్టి, నా వైపు తిరిగి, "అవునా కాదా చెప్పు. నువ్వు పక్కనే ఉంటివి గదా" అన్నాడు.

"అవును చిన్నాయనా" అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను మోగలేదు.